అరబీ పదాలు నోటికి రావాలంటే ఏ ఆట? తరగతి గది ఆటల సమీక్ష

అరబీలో ఒక మాట నేర్చుకోవడం ఒక్క మాటతో పోయే పని కాదు. "కితాబ్" అంటే పుస్తకమని తెలిస్తే చాలదు, పుస్తకాలు అనాలంటే "కుతుబ్" రావాలి. "బాబ్" తలుపు, "అబ్వాబ్" తలుపులు. "మిఫ్తాహ్" తాళంచెవి, "మఫాతీహ్" తాళంచెవులు. చివర ఒక ప్రత్యయం తగిలిస్తే బహువచనం అయిపోయే సదుపాయం చాలా నామవాచకాలకు లేదు. మాట లోపలి అచ్చులే మారిపోతాయి. క్రియ సంగతికొస్తే భూతకాలం "కతబ", వర్తమానం "యక్తుబు", రెండూ పట్టుబడాలి. అందుకే వేరే భాషల తరగతుల్లో చక్కగా నడిచే ఆట కూడా ఇక్కడ సగం పనే చేస్తుంది. పిల్లలు హుషారుగా ఆడతారు, టీచరుకూ తృప్తిగా ఉంటుంది. మర్నాడు "తలుపులు ఏమంటారు?" అని అడిగితే మాత్రం "బాబాత్" అని జవాబొస్తుంది.

కాబట్టి ఈ సమీక్షలో ఆటలను తూచిన కొలత ఒక్కటే: విద్యార్థి ఆ పదాన్ని తలలోంచి బయటికి తీస్తున్నాడా, లేక ఎదురుగా ఉన్నవాటిలోంచి ఏరుకుంటున్నాడా? ఏరుకోవడం తేలిక, మర్చిపోవడమూ అంతే తేలిక. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళకు అయిదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత చూస్తే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుంటూ రాసినవాళ్ళదే పైచెయ్యి. తరగతి ఆటలకూ ఇదే వర్తిస్తుంది. గంట కొట్టేసరికి అందరికీ అన్నీ వచ్చినట్టు కనిపించే ఆటను వెంటనే నమ్మకండి, వారం ఆగి చూడండి.

ముందు బోర్డు ఆట. అందరికీ తెలిసిందే: బోర్డు మీద పన్నెండు పదాలు చెల్లాచెదురుగా రాస్తారు, రెండు జట్లలోంచి ఒక్కొక్కరు వచ్చి నిలబడతారు, టీచరు అర్థం చెప్పగానే ఎవరి చెయ్యి ముందు ఆ పదం మీద పడితే వాళ్ళకు పాయింటు. తయారీ శూన్యం, ఉత్సాహం బోలెడు. కానీ ముప్ఫైమంది తరగతిలో ఇద్దరు ఆడుతుంటే ఇరవై ఎనిమిదిమంది చూస్తుంటారు. ఇరవై నిమిషాల్లో ఒక్కొక్కరికి రెండుసార్లు వంతు వస్తే గొప్ప. ఇంకో చిక్కు, పిల్లలు పదం మొత్తం చదవరు. మొదటి అక్షరం చూసి కొట్టేస్తారు. బోర్డు మీద "మీమ్"తో మొదలయ్యే పదం ఒక్కటే ఉంటే అది "మద్రసా" అయినా "మత్బఖ్" అయినా వాళ్ళకు ఒకటే. దీనికి మందు, ఒకే అక్షరంతో మొదలయ్యేవి కనీసం నాలుగేసి పెట్టడం. బోర్డు మీద ఏకవచనాలు రాసి నోటితో బహువచనాలు పిలవడం అంతకంటే మంచిది. "అక్లామ్" అని వినబడగానే "కలమ్" మీద చెయ్యి వెయ్యాలి. అప్పుడు తల పనిచెయ్యక తప్పదు. పాఠం మొదట్లో ఏడెనిమిది నిమిషాలు ఒళ్ళు వేడెక్కించడానికి పనికొస్తుంది, అంతకు మించి సాగదీయొద్దు.

ఉచ్చారణ తేడాలు నేర్పడానికి మాత్రం ఈ ఆటను మించింది లేదు. తెలుగు లిపిలో "అమల్" అని రాస్తే అది పనా, ఆశా? అరబీలో ఐన్‌తో మొదలైతే పని, హంజాతో మొదలైతే ఆశ. మన లిపిలో రెండూ ఒకటే. సీన్‌తో "సైఫ్" అంటే కత్తి, స్వాద్‌తో అంటే వేసవి. తేలిక "తా"తో "తీన్" అంజీర పండు, బరువైన "త్వా"తో బంకమట్టి. ఖాఫ్‌తో మొదలయ్యే గుండెకూ కాఫ్‌తో మొదలయ్యే కుక్కకూ తేడా పలకలేకపోతే వాక్యం ఎక్కడికి పోతుందో చెప్పనక్కర్లేదు. ఇలాంటి జతలు ఆరు బోర్డు మీద అరబీ లిపిలో రాసి, టీచరు పలికితే పిల్లలు చెయ్యి వెయ్యాలి. తర్వాత పిల్లలే పలకాలి, టీచరు చెయ్యి వేస్తారు. తప్పు పదం మీద చెయ్యి పడితే ఆ విద్యార్థికి తన ఉచ్చారణ ఎలా వినబడిందో అక్కడికక్కడే అర్థమవుతుంది. ఈ కారణంగానే ఏ ఆటకైనా కార్డుల మీద తెలుగు అక్షరాల్లో ఉచ్చారణ రాసి ఇవ్వకండి. మొదటి వారం సుఖంగా ఉంటుంది, మూడో నెలలో పిల్లల నోట్లో సగం అక్షరాలు కలిసిపోయి ఉంటాయి.

బింగో గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. గడుల్లో పదాలు రాసుకుని విన్నవి కొట్టేయడం వినికిడికి పరవాలేదు, గుర్తు తెచ్చుకోవడానికి చాలా తక్కువ. అంకెలు నేర్పే రోజున ఒకసారి ఆడించండి, చాలు.

జత కార్డులు బాగానే పనిచేస్తాయి, కానీ చేసే పద్ధతిలో ఉంది కిటుకు. పది జతలు, అంటే ఇరవై కార్డులు, నాలుగు వరసల్లో అయిదేసి బోర్లా పేరుస్తారు. రెండేసి తిప్పుతూ జత కలపాలి. మామూలుగా బొమ్మ ఒకదాని మీద, పదం ఇంకోదాని మీద పెడతారు. దానిలో పిల్లలకు గుర్తుండేది పదం కాదు, కార్డు ఉన్న చోటు: మూడో వరస, ఎడమనుంచి రెండోది. బొమ్మకు బదులు ఏకవచనం ఒక కార్డు మీద, బహువచనం ఇంకో కార్డు మీద పెడితే అసలు పని మొదలవుతుంది. కార్డు తిప్పిన ప్రతిసారీ దాని మీది పదం పైకి చదవాలి, జత దొరికితే అర్థం కూడా చెప్పాలి, చెప్పలేకపోతే జత అక్కడే వదిలేయాలి. ఈ ఒక్క నియమంతో ఆట స్వభావమే మారిపోతుంది. కాగితం పల్చగా ఉంటే సిరా వెనక్కి కనిపించి ఆట చెడుతుంది కాబట్టి మందపాటి చార్టు కాగితం వాడండి.

కార్డులు అచ్చు వేయించేవాళ్ళు ఒక సంగతి గమనించాలి. "ముదర్రిస్" అనే పదంలో "ర" మీద షద్దా (అక్షరాన్ని ఒత్తి పలకాలని చెప్పే గుర్తు) ఉంటుంది, దానికి కస్రా (మామూలుగా అక్షరం కింద పెట్టే "ఇ" గుర్తు) కూడా ఉంటుంది. చాలా ఫాంట్లలో ఆ కస్రా అక్షరం కిందికి రాదు, షద్దా కింద, అంటే అక్షరానికి పైనే కూర్చుంటుంది. కొత్త విద్యార్థి పైన గీత కనబడగానే ఫత్హా (అక్షరం పైన పెట్టే "అ" గుర్తు) అనుకుని "ముదర్రస్" అని చదువుతాడు. తప్పు వాడిది కాదు. అక్షరాలు చిన్నవైతే షద్దాకు పైన ఉందో కింద ఉందో పెద్దవాళ్ళకే కనబడదు. కార్డు మీద 48 పాయింట్లకు తగ్గకుండా పెట్టండి, షద్దా-కస్రా ఉన్న పదాలను విడిగా చూపించి ఒకసారి చదివించాకే ఆటలోకి దించండి.

ఇక ఈ మొత్తంలో పెట్టిన శ్రమకు రెట్టింపు ఫలం ఇచ్చేది ధాతువుల పేకాట. అరబీ పదజాలానికి ఒక సొగసైన కట్టుబాటు ఉంది. ఎక్కువ పదాలు మూడు హల్లుల ధాతువు చుట్టూ అల్లుకుంటాయి. క-త-బ తీసుకుంటే కితాబ్ పుస్తకం, కాతిబ్ రచయిత, మక్తబా గ్రంథాలయం, మక్తూబ్ రాసినది. ద-ర-స నుంచి దర్స్ పాఠం, మద్రసా బడి, ముదర్రిస్ ఉపాధ్యాయుడు, దిరాసా చదువు. వంటకు సంబంధించిన ధాతువులో తబ్ఖ్ వండటం, తబ్బాఖ్ వంటవాడు, మత్బఖ్ వంటిల్లు, మత్బూఖ్ వండినది. హన్స్ వేర్ అరబీ నిఘంటువులో పదాలను పేర్చింది కూడా ధాతువుల వరసలోనే. ఆ నిఘంటువు తెరవాలంటే ముందు పదంలో ధాతువు పట్టుకోవడం రావాలి. ఈ పేకాట ఆ అలవాటు చేస్తుంది.

తయారీ ఇలా. పది ధాతువులు ఎంచుకోండి, ఒక్కో దానికి నాలుగు పదాలు, మొత్తం నలభై కార్డులు. ఒక ఏ4 చార్టు మీద ఎనిమిది కార్డులు పడతాయి, కట్టకు అయిదు చార్టులు. ముప్ఫై రెండుమంది తరగతికి నలుగురేసి ఎనిమిది గుంపులు, అంటే నలభై చార్టులు. ఒక్కో కట్ట వెనక ఒక్కో రంగు గీత గీయండి, లేకపోతే మొదటి రోజు సాయంత్రానికే కట్టలు కలగాపులగం అయిపోయి ఏది ఎక్కడిదో తెలియదు. కార్డు పైమూల ధాతువు మూడక్షరాలూ విడివిడిగా, మధ్యలో పదం పెద్దగా, కస్రా, ఫత్హా లాంటి అచ్చు గుర్తులైన హరకత్‌లతో.

తలా అయిదు కార్డులు పంచి, మిగిలిన ఇరవై మధ్యలో బోర్లా పెడతారు. తన చేతిలో ఏ ధాతువు కార్డు ఉందో ఆ కుటుంబంలోని పదాన్నే ఎవరినైనా పేరుపెట్టి అడగాలి. మక్తూబ్ చేతిలో ఉన్నవాడు ఎదుటి అబ్బాయిని "హల్ ఇందక మక్తబా?" (నీ దగ్గర మక్తబా ఉందా?) అంటాడు. అమ్మాయిని అడిగితే "ఇందకి" అనాలి. ఉంటే "నఅమ్, ఇందీ మక్తబా" అంటూ ఇచ్చేయాలి, అడిగినవాడికి మళ్ళీ వంతు. లేకపోతే "లా, లైస ఇందీ", అప్పుడు మధ్యలోంచి ఒకటి తీసుకుని వంతు వదులుకోవాలి. నాలుగూ చేరగానే వాటిని అర్థాలతో సహా పైకి చదివి బల్ల మీద పెట్టాలి.

ఒక్కసారి ఒక కుర్రవాడి వంతు దగ్గరగా చూడండి. చేతిలో "లాఇబ్" అనే కార్డు ఉంది, ఆటగాడు. ఆ కుటుంబంలో మిగిలిన మూడూ ఏమిటి? "లుఅబా" ఒకటి, బొమ్మ. ఇంకోటి ఆడే చోటు... చోటు అంటే మక్తబ్, మత్బఖ్, మస్కన్ వరస కదా. పెదాలు కదుపుతాడు, "మ... మల్అబ్!" అడగడానికి ముందు జరిగిన ఆ కొద్ది క్షణాల వెతుకులాట కోసమే ఈ ఆట. అది ఒక పిరియడులో ఒక్కో పిల్లకు పది పదిహేనుసార్లు జరుగుతుంది. బోర్డు ఆటలో రెండుసార్లు కూడా జరగదు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. కార్డు అడుగున ఆ కుటుంబంలోని మిగతా మూడు పదాలూ చిన్న అక్షరాల్లో వేస్తారు, పిల్లలకు సాయంగా ఉంటుందని. అలా వేస్తే వాళ్ళు గుర్తు తెచ్చుకోరు, చూసి చదువుతారు. ఆట సాఫీగా సాగుతుంది, నేర్చుకోవడం ఆగిపోతుంది. మొదటి రోజు మాత్రం కుటుంబాల పట్టిక బోర్డు మీద ఉంచండి. రెండోసారి ఆడేటప్పుడు పట్టికలో ఒక్కో కుటుంబానికి ఒక పదం తుడిపేయండి, మూడోసారికి పట్టికే ఉండకూడదు.

ధాతువుల ఎంపికలోనూ జాగ్రత్త కావాలి. మొదటి కట్టలో మూడు హల్లులూ గట్టిగా నిలబడేవే పెట్టండి. "కాల" అంటే అన్నాడు, "యకూలు" అంటే అంటాడు, దీని ధాతువులో నడుమ "వావ్" దాక్కుని ఉంటుంది. అలాంటివి రెండో కట్టకు. ప్రయాణమనే "సఫర్", సున్నా అనే "సిఫ్ర్" చెవికి చుట్టాల్లా వినబడతాయి, కానీ ఒకటి సీన్, ఇంకోటి స్వాద్, రెండూ వేరు కుటుంబాలు. వీటిని మొదటి కట్టలో పక్కపక్కన పెడితే గందరగోళం, నెల తర్వాత కావాలని పెడితే మంచి పరీక్ష.

ఈ ఆటకు ఒక లోటు ఉంది, నిజాయితీగా చెప్పాలి. నిదానంగా నడుస్తుంది. నలుగురిలో ఒకరికి ఏమీ రాకపోతే గుంపంతా ఆగిపోతుంది. అలాంటి చోట వంతుకు ఒకసారి పక్కవాణ్ణి అడిగే హక్కు ఇవ్వండి. పక్కవాడు అర్థం మాత్రమే చెప్పాలి, పదం చెప్పకూడదు.

ఇప్పుడు ఫోన్లలో, కంప్యూటర్లలో ఆడే వాటి సంగతి. కహూట్ నార్వేలో పుట్టింది, 2013 నుంచి వాడుకలో ఉంది. ప్రశ్న పెద్ద తెర మీద, జవాబులు రంగు గడుల్లో, విద్యార్థి తన ఫోన్లో ఆ రంగు నొక్కుతాడు. తరగతి మొత్తం ఒకేసారి ఆడుతుంది, బోర్డు ఆట మీద ఇది పెద్ద మెరుగు. ఇబ్బందల్లా పాయింట్ల లెక్కలో ఉంది. సరైన జవాబు ఎంత త్వరగా నొక్కితే అంత ఎక్కువ, గరిష్ఠం వెయ్యి. గడువు చివర్లో నొక్కితే దాదాపు సగమే. అరబీ చదవడం ఇంకా కూడబలుక్కునే దశలో ఉన్న పిల్లకు పదం తెలిసినా పట్టికలో పేరు అడుగునే ఉంటుంది, నాలుగో ప్రశ్నకు ఆశ వదిలేస్తుంది. మామూలుగా వచ్చే 20 సెకన్ల గడువును 60కి పెంచండి. వేగం తేడా పూర్తిగా పోదు కానీ చదివే సమయం దొరుకుతుంది.

జవాబుల ఎంపిక ఇంకా ముఖ్యం. "తలుపులు" అని అడిగి అబ్వాబ్, మద్రసా, ఖుబ్జ్, కుర్సీ ఇస్తే అది పదజాల పరీక్ష కాదు, ఊహ. అబ్వాబ్, అక్లామ్, అవ్లాద్, అల్వాన్ ఇవ్వండి, నాలుగూ ఒకే అచ్చులో పోసిన బహువచనాలు. అప్పుడు మధ్య అక్షరాలు చదవక తప్పదు. ఒక గడిలో తెలుగూ అరబీ కలపకండి. ఒకటి ఎడమనుంచి, ఇంకోటి కుడినుంచి నడిచే లిపులు కాబట్టి చివర పెట్టిన చుక్క, ప్రశ్నార్థకం, బ్రాకెట్ ఎటో ఎగిరిపడి వాక్యం తలకిందులవుతుంది. ప్రశ్న తెలుగులో, జవాబు అరబీలో, ఒక్కో గడికి ఒక్కో లిపి.

జవాబు టైపు చేయించే ప్రశ్నలు గుర్తు తెచ్చుకోవడానికి ఎంతో మేలు, కానీ అరబీలో అవి తగాదాలకు పుట్టిల్లు. కంప్యూటరుకు హరకత్‌లు విడి అక్షరాలే. హరకత్‌లతో రాసిన "కితాబ్", లేకుండా రాసిన "కితాబ్" దానికి రెండు వేరు మాటలు. హంజా ఉన్న అలిఫ్ వేరు, ఖాళీ అలిఫ్ వేరు. మాట చివర తా మర్బూతాకు (పైన రెండు చుక్కలుండే "తా" రూపానికి) బదులు హా కొడితే చూడ్డానికి చుక్కలే తేడా, కానీ తప్పే. హరకత్‌లు లేని రూపాన్నే అసలు జవాబుగా పెట్టి, హంజా ఉన్నదీ లేనిదీ రెండూ సరైన జవాబుల్లో చేర్చండి. తా మర్బూతాను మాత్రం వదిలిపెట్టొద్దు, అది రాతలో నేర్చుకోవాల్సిందే.

క్విజ్‌లెట్ లైవ్ కహూట్ కంటే నాకు నచ్చింది. యాదృచ్ఛికంగా జట్లు కలుపుతుంది. జట్టులో అందరికీ ఒకే ప్రశ్న వస్తుంది, కానీ జవాబులు తలా కొన్ని పంచబడతాయి. సరైనది ఒక్కరి తెర మీదే ఉంటుంది. కాబట్టి అందరూ తమ దగ్గరున్నవి చదివి చెప్పుకోవాలి. ఒక్క తప్పు పడితే జట్టు మళ్ళీ సున్నా నుంచి మొదలు. ఆ భయంతో ఎవరూ గుడ్డిగా నొక్కరు. వేగం కంటే కచ్చితత్వం గెలవడం అరబీకి సరిగ్గా కావలసిన గుణం. ఫోన్ పక్కవాళ్ళకు చూపించకూడదు, నోటితోనే చదవాలి అన్న నియమం టీచరే పెట్టాలి. లేకపోతే బాగా వచ్చిన ఒకరు నాలుగు ఫోన్లూ తిప్పి చూసి మిగతావాళ్ళను ప్రేక్షకులను చేస్తారు. పదాల పట్టికలో "బైత్", "మన్జిల్", "దార్" మూడింటికీ "ఇల్లు" అని రాసి ఉంచితే సరైన జవాబు కూడా తప్పుగా లెక్కకొచ్చి జట్టు అన్యాయంగా సున్నాకు పడుతుంది. ఒక్కో పట్టికలో ఒక్కటే ఉంచండి. అయినా ఇది చివరికి ఏరుకునే ఆటే, ధాతువుల పేకాటకు ప్రత్యామ్నాయం కాదు. పదాలు పరిచయమైన రెండో రోజున ఆడిస్తే మంచి జోడు.

ఏ ఖర్చూ లేనిదొకటి మిగిలింది, బంతాట. గుండ్రంగా నిలబడతారు, బంతి విసిరేవాడు ఏకవచనం అంటాడు, పట్టినవాడు మూడు లెక్కపెట్టేలోగా బహువచనం చెప్పాలి. రానివాణ్ణి బయటికి పంపకండి. బయటికి పోయేది ఎప్పుడూ రానివాళ్ళే, సాధన కావలసిందీ వాళ్ళకే. జవాబు పక్కవాడు చెబుతాడు, రానివాడు దాన్ని తిరిగి పలుకుతాడు, మూడు వంతుల తర్వాత అదే పదం అతనికే మళ్ళీ పడాలి. పదాలను బహువచనం మూసల వారీగా విసరండి: బైత్-బుయూత్, దర్స్-దురూస్, కల్బ్ (గుండె)-కులూబ్. ఆరేడు వరసగా పడ్డాక లయ నోటికి ఎక్కుతుంది, ఎనిమిదోది ఎప్పుడూ విననిదైనా పిల్లలే సరిగ్గా ఊహిస్తారు. తర్వాత కలమ్-అక్లామ్, వలద్-అవ్లాద్ వరస. రెండు వరసలూ కలిపి విసరడం మూడో రోజు పని. మొదటిరోజే కలిపితే "బైత్"కు "అబ్యాత్" అంటారు. ఆ రూపం ఉంది కానీ అది పద్యపాదాలకు వాడే బహువచనం, ఇళ్ళకు కాదు.

ఏ ఆటైనా ఒక పిరియడుకు ఎనిమిది కొత్త పదాలు దాటకూడదు, బహువచనాలతో కలిపి అవి పదహారవుతాయని మర్చిపోవద్దు. అవే పదాలు మర్నాడు, మూడో రోజు, వారానికి, రెండు వారాలకు ఏదో ఒక ఆటలో తిరిగి రావాలి. సెబాస్టియన్ లైట్నర్ 1972లో ప్రచారంలోకి తెచ్చిన కార్డు పెట్టెల పద్ధతి దీనికి హాయిగా సరిపోతుంది: వచ్చిన పదం వెనక పెట్టెలోకి, రానిది మళ్ళీ మొదటి పెట్టెలోకి. పేకాట అయ్యాక ఏ కుటుంబాలు ఎవరికీ పూర్తి కాలేదో ఆ కార్డులనే మొదటి పెట్టెలో వేయండి.

ఒక్కటే తయారు చేసుకునే తీరిక ఉంటే నలభై కార్డుల ధాతువుల కట్ట చేసుకోండి. కత్తిరించే ముందు ప్రతి చార్టూ అరబీ బాగా వచ్చినవారితో ఒకసారి చదివించండి. నలభైలో ఒక్క హరకత్ తప్పు పడినా ఎనిమిది గుంపులూ దాన్ని అలాగే కంఠతా పట్టేస్తాయి, దాన్ని మాన్పించడానికి కొత్తగా నేర్పడానికి పట్టేదానికంటే ఎక్కువ రోజులు పడుతుంది.